స్టాప్-అండ్-వెయిట్ లెక్క: లింకు వేగం పెంచినా డేటా ఎందుకు నత్తనడక నడుస్తుంది

1 ఎంబీపీఎస్ (సెకనుకు పది లక్షల బిట్లు) లింకు తీసేసి దాని స్థానంలో 100 ఎంబీపీఎస్ లింకు వేశారనుకోండి. రెండు చివర్ల మధ్య ఫైబర్ పొడవు 2,000 కిలోమీటర్లు, అది మారలేదు. డేటాని ముక్కలుగా చేసి పంపుతారు, ఒక్కో ముక్క ఒక ఫ్రేము. దాని సైజు 1,000 బైట్లు, అదీ మారలేదు. నడుస్తున్నది స్టాప్-అండ్-వెయిట్, అంటే ఒక ఫ్రేము పంపి, అది చేరిందన్న జవాబు వచ్చేదాకా ఆగే పద్ధతి. అప్పుడు డేటా అందే వేగం సెకనుకు 286 కిలోబిట్ల నుంచి 398 కిలోబిట్లకు పెరుగుతుంది. అంతే. లింకు వందరెట్లు పెరిగితే ఫలితం ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు.

ఈ రెండు అంకెలు ఎలా వచ్చాయో తెలిస్తే ఎఫిషియెన్సీ లెక్క మొత్తం వచ్చినట్టే. సూత్రం చాలామందికి నోటికి వచ్చు. లెక్క తప్పేది ఎక్కువగా ఆ సూత్రంలో ఏ అంకె వెయ్యాలన్న దగ్గర. అందుకే సూత్రాన్ని కాసేపు పక్కన పెట్టి, ముందు ఒక రౌండు గీసుకుందాం.

రౌండులో ఏమేం ఉంటాయి

సెండర్ ఒక ఫ్రేము పంపి ఆగుతుంది. రిసీవర్ దాన్ని సరిచూసి అక్నాలెడ్జ్‌మెంట్ పంపుతుంది. ఇకపై దాన్ని ఆక్ అంటాను. ఆక్ చేతికి అందాకే సెండర్ తరవాతి ఫ్రేము ఎత్తుకుంటుంది. ఒక ఫ్రేము మొదటి బిట్ బయల్దేరిన క్షణం నుంచి తరవాతి ఫ్రేము మొదటి బిట్ బయల్దేరే క్షణం దాకా ఒక రౌండు. కాగితం మీద రెండు నిలువు గీతలు గీసి, ఎడమది సెండర్, కుడిది రిసీవర్ అనుకుని, ఫ్రేముకి ఒక ఏటవాలు పట్టీ, ఆక్‌కి ఇంకో ఏటవాలు పట్టీ గీయండి. పైనుంచి కిందికి కాలం నడుస్తుంది. రౌండులో ఉన్నవన్నీ ఆ బొమ్మలో కనిపిస్తాయి:

ఫ్రేము పంపే సమయం = ఫ్రేములోని బిట్లు ÷ లింకు వేగం
ప్రయాణ సమయం = దూరం ÷ సిగ్నల్ వేగం

మొదటిది ఫ్రేములోని బిట్లన్నిటినీ తీగలోకి ఎక్కించడానికి పట్టే సమయం. రెండోది ఎక్కిన ఒక్క బిట్ అవతలి చివరికి చేరడానికి పట్టే సమయం. లింకు వేగం పెంచితే మొదటిది తగ్గుతుంది, రెండోదానికి చలనం ఉండదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, రాగి తీగలో కూడా ఇంచుమించు అంతే. గాలిలో రేడియో తరంగమైతే 3 లక్షలు.

ఇవి కాక రిసీవర్ ఫ్రేముని సరిచూసే సమయం, ఆక్ పంపే సమయం, ఆక్ తిరుగు ప్రయాణం, సెండర్ ఆక్‌ని చదివే సమయం ఉంటాయి. వీటన్నిటి మొత్తమే రౌండు. అందులో సెండర్ నిజంగా డేటా పంపుతున్న వంతే ఎఫిషియెన్సీ:

ఎఫిషియెన్సీ = ఫ్రేము పంపే సమయం ÷ రౌండు మొత్తం సమయం

మన ఉదాహరణలో ఫ్రేము 8,000 బిట్లు. 1 ఎంబీపీఎస్ మీద పంపడానికి 8 మిల్లీసెకన్లు. 2,000 కిలోమీటర్ల ప్రయాణానికి 10 మిల్లీసెకన్లు. ఆక్ చాలా చిన్నదని, ప్రాసెసింగ్ సమయం లెక్కలోకి రానంత తక్కువని అనుకుంటే రౌండు 8 + 10 + 10 = 28 మిల్లీసెకన్లు. ఎఫిషియెన్సీ 8 ÷ 28, అంటే 28.57 శాతం. డేటా వేగం 286 కేబీపీఎస్.

100 ఎంబీపీఎస్ మీద అదే ఫ్రేము పంపడానికి 0.08 మిల్లీసెకన్లు చాలు. రౌండు మాత్రం 20.08 మిల్లీసెకన్లు. ఎఫిషియెన్సీ 0.4 శాతం, డేటా వేగం 398 కేబీపీఎస్. లింకుని 10 జీబీపీఎస్ చేసినా 400 కేబీపీఎస్ గీత దాటదు. 20 మిల్లీసెకన్ల రానుపోను సమయానికి ఒకే ఒక్క 8,000 బిట్ల ఫ్రేము, 8,000ని 0.02తో భాగిస్తే 4 లక్షలు. ఆ కప్పు, అంటే ఆ పై హద్దు, వేసింది ప్రోటోకాల్ (పంపే పద్ధతి), లింకు కాదు. స్టాప్-అండ్-వెయిట్ ఎక్కడ కనిపించినా నేను ముందు వేసుకునే లెక్క ఇదే: ఫ్రేము సైజుని రానుపోను సమయంతో భాగించడం. లింకు వేగం తెలియకపోయినా ఇంతకు మించి రాదన్న హద్దు తెలిసిపోతుంది.

ప్రయాణ సమయాన్ని పంపే సమయంతో భాగిస్తే వచ్చే నిష్పత్తికి పుస్తకాల్లో 'ఎ' అని పేరు. ఆక్, ప్రాసెసింగ్ వదిలేస్తే పై సూత్రం ఇలా మారుతుంది:

ఎఫిషియెన్సీ = 1 ÷ (1 + 2ఎ)

ఎ అంటే ఒకవైపు తీగలో ఒకేసారి ఎన్ని ఫ్రేములు పడతాయో ఆ సంఖ్య. మొదటి లింకులో 1.25. రెండోదానిలో 125, నూట పాతిక ఫ్రేములు పట్టే దారిలో ఒక్కటే నడుస్తోంది. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సిగ్నల్ పైకి వెళ్లి కిందికి రావడానికే కనీసం 239 మిల్లీసెకన్లు. అదే 1,000 బైట్ల ఫ్రేముతో, అదే 1 ఎంబీపీఎస్ మీద ఎఫిషియెన్సీ 1.65 శాతానికి పడిపోతుంది.

లెక్క తప్పే చోట్లు

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు పింగ్ అంకెతో వస్తుంది. పింగ్ అంటే అవతలి మెషీన్‌కి చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే సాధనం. అది చూపించేది రానుపోను సమయం. దాన్ని ప్రయాణ సమయం అనుకుని మళ్లీ రెండుతో గుణిస్తే రౌండు ఉన్నదానికి రెట్టింపు దాకా పోతుంది. పింగ్ అంకె చేతిలో ఉంటే దాన్ని నేరుగా '2 × ప్రయాణ సమయం' స్థానంలో వెయ్యండి. దారిలో రూటర్లుంటే వాటి క్యూల్లో పట్టే సమయం కూడా పింగ్ అంకెలో కలిసే ఉంటుంది కాబట్టి, దూరం నుంచి కట్టిన లెక్క కన్నా ఇదే నమ్మదగింది.

రెండోది యూనిట్ల గొడవ. ఫ్రేము బైట్లలో చెబుతారు, లింకు బిట్లలో చెబుతారు. ఎనిమిదితో గుణించడం మరిస్తే ఎఫిషియెన్సీ ఎనిమిది రెట్ల దాకా తేడా వస్తుంది. ఫ్రేము 1 కిలోబైట్ అన్నప్పుడు 1,024 బైట్లు అయ్యే అవకాశం ఉంది. లింకు 1 కేబీపీఎస్ అన్నప్పుడు మాత్రం ఎప్పుడూ 1,000 బిట్లే. రెండు చోట్లా 1,024 వేసి కొట్టేసేవాళ్లున్నారు. జవాబు 2.4 శాతం దాకా అటూఇటూ అవుతుంది.

మూడోది, ఆక్ చిన్నదే కదా అని ఎప్పుడూ వదిలెయ్యడం. రెండు దిక్కులా వేగం ఒకటే అయితే పర్వాలేదు. 64 బైట్ల ఆక్‌కి 1 ఎంబీపీఎస్ మీద 0.512 మిల్లీసెకన్లు, ఎఫిషియెన్సీ 28.57 నుంచి 28.06కి తగ్గుతుంది. కానీ వెనక్కి వచ్చే దారి 64 కేబీపీఎస్ అయితే అదే ఆక్‌కి 8 మిల్లీసెకన్లు, అంటే ఫ్రేముతో సమానం. రౌండు 36 మిల్లీసెకన్లు, ఎఫిషియెన్సీ 22.2 శాతం. పైకి వెళ్లే వేగం, కిందికి వచ్చే వేగం వేరువేరుగా ఉన్న లింకులన్నిటిలో ఆక్‌ని దాని సొంత దారి వేగంతో భాగించాలి.

హెడర్ గురించి ఒక్క మాట. ఫ్రేములో అడ్రస్, నంబరు లాంటివి మోసే భాగం అది. 1,000 బైట్లలో 40 బైట్లు హెడరే అయితే పనికొచ్చే డేటా 960. 'లింకు ఎంతసేపు పనిలో ఉంది' అన్న ప్రశ్నకి జవాబు 28.57. 'నా ఫైలు ఎంత వేగంగా చేరుతుంది' అన్న ప్రశ్నకి జవాబు దాన్ని 0.96తో గుణిస్తే వచ్చే 27.43. ఏ ప్రశ్నకి జవాబు చెబుతున్నారో ముందే తేల్చుకోండి.

ఫ్రేము పెంచితే సరిపోదా

కొంతవరకు సరిపోతుంది. 50 శాతం కావాలంటే పంపే సమయం ఒకవైపు ప్రయాణ సమయానికి రెట్టింపు ఉండాలి. సమానంగా ఉంటే వచ్చేది 33.3 శాతమే. ఎంత ఎఫిషియెన్సీకైనా కావలసిన ఫ్రేము సైజు ఇది, ఇందులో ఎఫిషియెన్సీని 0.5, 0.9 లాగా వెయ్యాలి:

ఫ్రేము బిట్లు = రానుపోను సమయం × లింకు వేగం × ఎఫిషియెన్సీ ÷ (1 − ఎఫిషియెన్సీ)

1 ఎంబీపీఎస్, 20 మిల్లీసెకన్ల లింకు మీద 50 శాతానికి 20,000 బిట్లు, అంటే 2,500 బైట్లు. 90 శాతానికి దానికి తొమ్మిది రెట్లు, 1,80,000 బిట్లు. ఇక్కడ ఒక అడ్డంకి ఉంది. ఫ్రేములో ఒక్క బిట్ చెడినా మొత్తం ఫ్రేము మళ్లీ పంపాలి. ఫ్రేము పెద్దదయ్యేకొద్దీ చెడే అవకాశమూ పెరుగుతుంది.

లక్ష బిట్లకు సగటున ఒకటి చెడే లింకు తీసుకుందాం. ఫ్రేము చెడకుండా చేరే సంభావ్యత, 0.99999ని ఫ్రేములో ఎన్ని బిట్లుంటే అన్నిసార్లు గుణించిన విలువ. 8,000 బిట్లకి అది 0.923. 20,000 బిట్లకి 0.819. 1,80,000 బిట్లకి 0.165 మాత్రమే. టైమౌట్‌ని, అంటే ఆక్ రాకపోతే మళ్లీ పంపేముందు సెండర్ ఆగే సమయాన్ని, సరిగ్గా ఒక రౌండుకి సమానంగా పెట్టి, ఆక్‌లు చెడవనుకుంటే, తప్పులున్న లింకు ఎఫిషియెన్సీ ఇలా ఉంటుంది:

ఎఫిషియెన్సీ = ఫ్రేము చెడకుండా చేరే సంభావ్యత ÷ (1 + 2ఎ)

ఆక్‌లు కూడా పోయే లింకైతే పైన, లవంలో, ఫ్రేము చేరే సంభావ్యత, ఆక్ చేరే సంభావ్యత రెండింటి లబ్ధం వెయ్యాలి, ఎందుకంటే ఫ్రేము చేరి ఆక్ పోయినా సెండర్‌కి అది నష్టమే. మన మూడు సైజులకి జవాబులు వరసగా 26.4, 40.9, 14.9 శాతం. తప్పుల్లేని లెక్కలో 90 ఇచ్చిన ఫ్రేము ఇక్కడ అందరికన్నా వెనకబడింది. ఈ లింకుకి అన్నిటికన్నా మేలైన సైజు 35,800 బిట్ల దగ్గర, అంటే సుమారు 4,480 బైట్ల దగ్గర ఉంటుంది. అక్కడ ఎఫిషియెన్సీ 44.9. ఆ శిఖరం చదునుగా ఉంటుందన్నది గమనించాల్సిన సంగతి. 30,000 బిట్లకి 44.4, 40,000కి 44.7 వస్తాయి. కచ్చితమైన సైజు కోసం కుస్తీ పట్టక్కర్లేదు. చిన్నవైపు కాస్త జరిగి ఉండటం మంచిది, లింకులో తప్పులు పెరిగిన రోజున పెద్ద ఫ్రేమే ముందు దెబ్బ తింటుంది.

టైమౌట్: సూత్రంలో కనిపించని ఖర్చు

పై సూత్రంలో టైమౌట్ రౌండుకి సమానం అన్న మాట దాగి ఉంది. నిజం సిస్టంలలో అలా ఉండదు. 28 మిల్లీసెకన్ల రౌండున్న లింకుకి 1 సెకను టైమౌట్ పెట్టడం మామూలే. నూటికి ఒక ఫ్రేము పోతుందనుకుందాం. సూత్రం ప్రకారం ఎఫిషియెన్సీ 28.57 × 0.99, అంటే 28.3 ఉండాలి. అసలు లెక్క ఇలా కట్టాలి. ఫ్రేము పంపడం మొదలైనప్పటి నుంచి టైమర్ నడుస్తుందని తీసుకుంటున్నాను:

ఒక ఫ్రేముకి సగటు సమయం = రౌండు + టైమౌట్ × పోయే సంభావ్యత ÷ (1 − పోయే సంభావ్యత)

28 + 1,000 × 0.0101 = 38.1 మిల్లీసెకన్లు. ఎఫిషియెన్సీ 8 ÷ 38.1, అంటే 21 శాతం. ఒక్క శాతం నష్టం లింకు పనిలో నాలుగో వంతుకి పైగా తినేసింది.

అలాగని టైమౌట్‌ని రౌండు కన్నా తక్కువ పెడితే ఇంకో చిక్కు. ఆక్ దారిలో ఉండగానే సెండర్ అదే ఫ్రేముని మళ్లీ పంపుతుంది. ఫ్రేములకి నంబరు లేకపోతే రిసీవర్ దాన్ని కొత్తదనుకుని రెండోసారి రాసుకుంటుంది, ఫైలు పాడవుతుంది. దారిలో వరస మారని లింకైతే ఇందుకు ఒక్క బిట్ నంబరు చాలు: 0, 1, మళ్లీ 0. 1969లో వచ్చిన ఆల్టర్నేటింగ్ బిట్ ప్రోటోకాల్ చేసేది అదే. ఆక్‌లో కూడా ఆ బిట్ ఉండాలి. ఆక్‌కి నంబరు లేకపోతే ఆలస్యంగా వచ్చిన పాత ఆక్‌ని చూసి కొత్త ఫ్రేము చేరిపోయిందని సెండర్ ముందుకెళ్తుంది, ఆ ఫ్రేము నిజంగా పోయి ఉంటే ఇక దిక్కులేదు.

నిజంగా నడుస్తున్న ఒకటి: టీఎఫ్‌టీపీ

స్టాప్-అండ్-వెయిట్ పాఠాల్లోనే మిగిలిందనుకోకండి. నెట్‌వర్క్ నుంచి కంప్యూటర్లను బూట్ చేసేటప్పుడు, రూటర్లలోకి ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు వాడే టీఎఫ్‌టీపీ (ట్రివియల్ ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్) అచ్చంగా ఇదే. 1992 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1350 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ నియమాల పత్రాలు) ప్రకారం బ్లాకు 512 బైట్లు, ప్రతి బ్లాకుకీ ఒక ఆక్. రానుపోను 1 మిల్లీసెకను ఉన్న లోకల్ నెట్‌వర్క్‌లో కప్పు సెకనుకు 5,12,000 బైట్లు, ఎవరికీ ఇబ్బంది తెలియదు. అదే ఫైలుని 40 మిల్లీసెకన్ల దూరం నుంచి తెస్తే సెకనుకు 25 బ్లాకులు, అంటే 12,800 బైట్లు. 3 కోట్ల బైట్ల ఫైలుకి 39 నిమిషాలు పడుతుంది. లింకు 1 జీబీపీఎస్ అయినా అంతే. 'నెట్‌వర్క్ స్లోగా ఉంది' అని కేబుళ్లు మార్చుకుంటూ పోవడం దండగ.

బ్లాకు సైజు పెంచే వీలుని 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2348 ఇచ్చింది. ఈథర్నెట్ మీద 1,500 బైట్లలో ఐపీ హెడర్ 20, యూడీపీ 8, టీఎఫ్‌టీపీ 4 తీసేస్తే 1,468 మిగులుతాయి. ఆ సైజు పెడితే 39 నిమిషాలు పద్నాలుగు నిమిషాల లోపుకి వస్తుంది. ఇంకా పెంచడానికి నియమం ఒప్పుకుంటుంది, 65,464 దాకా. కానీ 1,468 దాటితే ప్యాకెట్ ఐపీ దగ్గర ముక్కలవుతుంది, ఒక్క ముక్క పోయినా బ్లాకు మొత్తం మళ్లీ రావాలి. కొన్ని ఫైర్‌వాల్‌లు ముక్కల్ని అసలు పోనివ్వవు. దూరం ఎక్కువైతే 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7440 తెచ్చిన విండోసైజ్ వాడుకోవడం మేలు. పదహారు బ్లాకులకొక ఆక్ పెడితే కప్పు దాదాపు పదహారు రెట్లు లేస్తుంది. ఈ రెండూ పనిచెయ్యాలంటే సర్వర్, క్లయింట్ రెండింటికీ ఆ ఆప్షన్ తెలిసి ఉండాలి. ఒకరికి తెలియకపోతే చడీచప్పుడు లేకుండా పాత 512 దగ్గరికే పోతుంది.

టీఎఫ్‌టీపీకి పాత జబ్బు ఇంకొకటుంది. ఆక్ పోలేదు, ఆలస్యమైంది అంతే అనుకుందాం. సెండర్ టైమౌటై బ్లాకుని మళ్లీ పంపుతుంది, రిసీవర్ దానికీ ఆక్ ఇస్తుంది. ఇప్పుడు ఒకే బ్లాకుకి రెండు ఆక్‌లు. ప్రతి ఆక్‌కీ తరవాతి బ్లాకు పంపే సెండరైతే అక్కడి నుంచి చివరి దాకా ప్రతి బ్లాకూ రెండుసార్లు వెళ్తుంది. ఫైలు సరిగ్గానే చేరుతుంది కాబట్టి ఎవరి కంటా పడదు, లింకు మీద భారం మాత్రం రెట్టింపు. మందు తేలికైంది: పాత నంబరున్న ఆక్ వస్తే సెండర్ ఏమీ పంపకూడదు, టైమౌట్‌కి మాత్రమే మళ్లీ పంపాలి. 1989లోనే ఆర్‌ఎఫ్‌సీ 1123 దీన్ని తప్పనిసరి చేసింది.

మీ దగ్గర రౌండు ఎంతో కొలవాలంటే నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లని పట్టి చూపించే వైర్‌షార్క్‌లో ట్రాన్స్‌ఫర్‌ని పట్టి, ఒక డేటా బ్లాకు నుంచి తరవాతి డేటా బ్లాకుకి మధ్య సమయం చూడండి. పట్టేటప్పుడు టీఎఫ్‌టీపీ రిక్వెస్ట్ వెళ్లే పోర్టు 69 అని ఫిల్టర్ పెడితే మొదటి రిక్వెస్ట్ ఒక్కటే దొరుకుతుంది. సర్వర్ జవాబు వేరే పోర్టు నుంచి ఇస్తుంది, డేటా అంతా అక్కడే నడుస్తుంది. మెషీన్ అడ్రస్‌తో ఫిల్టర్ పెట్టండి. క్లయింట్ వైపు పట్టి బ్లాకు నుంచి ఆక్‌కి ఎంత, ఆక్ నుంచి తరవాతి బ్లాకుకి ఎంత అని విడదీస్తే, ఆలస్యం మీ మెషీన్‌దా దారిదా తేలిపోతుంది. మొదటి అంతరం పెద్దదైతే క్లయింట్ డిస్కు మీద రాయడంలో తాత్సారం చేస్తోంది. రెండోది పెద్దదైతే దారి, లేకపోతే సర్వర్.

దూరం లేకపోయినా నిరీక్షణ ఉంటుంది

'బ్లూటూత్ లో-ఎనర్జీ' (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) వాడే రెండు పరికరాలు చెయ్యి దూరంలో ఉంటాయి, ప్రయాణ సమయం సున్నా కిందే లెక్క. సూత్రంలో ఎ కూడా సున్నా, కాబట్టి ఎఫిషియెన్సీ నూరు శాతం రావాలి. రాదు. ప్రతి ప్యాకెట్ తరవాత మామూలుగా 150 మైక్రోసెకన్ల విరామం ఉంటుంది. నంబరు బిట్ కూడా ఒక్కటే, అంటే ఇది స్టాప్-అండ్-వెయిట్ కుటుంబమే.

1 ఎంబీపీఎస్ మోడ్‌లో ఒక బిట్‌కి ఒక మైక్రోసెకను, లెక్క తేలిక. ఎన్‌క్రిప్షన్ లేనప్పుడు ప్యాకెట్‌కి 10 బైట్ల అదనపు బరువుంటుంది. 27 బైట్ల పేలోడ్ (అసలు డేటా) పంపితే 37 బైట్లు, 296 మైక్రోసెకన్లు. విరామం 150. ఖాళీ జవాబు ప్యాకెట్ 10 బైట్లు, 80. మళ్లీ విరామం 150. రౌండు 676 మైక్రోసెకన్లు, అందులో డేటా 216 బిట్లు: 32 శాతం. వెర్షన్ 4.2 నుంచి పేలోడ్ 251 బైట్ల దాకా పెట్టుకోవచ్చు. అప్పుడు 2,088 + 150 + 80 + 150 = 2,468 మైక్రోసెకన్లు, డేటా 2,008 బిట్లు: 81 శాతం. పై పొరల హెడర్లు ఇంకా తీసెయ్యాలి, అయినా తేడా ఎంతో కనిపిస్తోంది కదా. ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు ఈ పొడవు పెంచమని అడగడం మరిచిపోయి రేడియోని నిందిస్తుంటారు.

4జీ మొబైల్ నెట్‌వర్కుల ఎల్‌టీఈ ఇంకో దారి పట్టింది. ఎఫ్‌డీడీలో (పంపడానికి, అందుకోవడానికి వేరువేరు ఫ్రీక్వెన్సీలు వాడే రకంలో) ఒక సబ్‌ఫ్రేము, అంటే ఒకసారి పంపే ముక్క, 1 మిల్లీసెకను, దాని మంచిచెడ్డ తెలిసి మళ్లీ పంపే వీలు వచ్చేసరికి 8 మిల్లీసెకన్లు. ఒక్క స్టాప్-అండ్-వెయిట్ నడిపితే ఎనిమిదింట ఒక వంతు, 12.5 శాతం. అందుకని ఎనిమిది స్టాప్-అండ్-వెయిట్‌లని పక్కపక్కన నడుపుతారు. ఒకటి జవాబు కోసం ఆగి ఉండగా మిగతా ఏడూ పంపుతుంటాయి, రేడియో ఖాళీగా ఉండదు. ఎన్ని కావాలన్నది 1 + 2ఎ చెబుతుంది, ఆక్ కోసం ఆగకుండా వరసగా కొన్ని ఫ్రేములు పంపే స్లైడింగ్ విండో పద్ధతిలో విండో సైజుకీ, అంటే ఆ ఫ్రేముల సంఖ్యకీ, అదే కొలత. మన 100 ఎంబీపీఎస్ ఫైబర్‌కి 1 + 250, అంటే 251 ఫ్రేములు. ఒకటి పోతే అక్కడి నుంచి అన్నీ మళ్లీ పంపే గో-బ్యాక్-ఎన్ అయితే నంబరుకి 8 బిట్లు సరిపోతాయి, 255 దాకా విండో పెట్టొచ్చు. పోయినదాన్నే మళ్లీ పంపే సెలెక్టివ్ రిపీట్ అయితే నంబర్లలో సగమే విండోకి పనికొస్తాయి కాబట్టి 9 బిట్లు కావాలి.